ఫైర్ కోర్సుల పేరిట అమ్ముతున్నదేమిటి, నేర్పవలసినదేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన నాటి నుంచి మా పట్టణంలో బస్టాండు గోడ మొదలుకొని కరెంటు స్తంభాల దాకా ఎటు చూసినా ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ కోర్సుల ప్రకటనలే కనిపిస్తున్నాయి. ఆరు నెలల కోర్సుకు ఒక రేటు, ఏడాది కోర్సుకు ఇంకో రేటు, గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అని ఒక హామీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్నదని పెద్ద అక్షరాల్లో ఒక మాట, పక్కన హెల్మెట్ పెట్టుకున్న కుర్రవాడి బొమ్మ. 1987లో ఫైర్‌మన్‌గా చేరి, 34 ఏళ్లు పనిచేసి, స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా పదవీ విరమణ చేసినవాణ్ని కనుక ఆ కాగితాలను చూసీ చూడనట్టు దాటిపోవడం నాకు చేతకావడం లేదు. అగ్నిమాపక విద్య గురించీ, ఆ ఉద్యోగానికి తీసుకువెళ్లే అసలు దారుల గురించీ తల్లిదండ్రులకు తెలియవలసినవి, ప్రభుత్వాలకు గుర్తుచేయవలసినవి మీ పత్రిక ద్వారా చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెలలో మా వీధి చివర ఉండే ఆటో డ్రైవరు తన కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడు ఇంటర్ పూర్తిచేసి, పక్క పట్టణంలోని ఒక ప్రైవేటు సంస్థలో ఏడాదిపాటు ‘డిప్లొమా ఇన్ ఫైర్ అండ్ సేఫ్టీ’ చదివాడట. ఫీజు, హాస్టలు, యూనిఫారం, పరీక్ష రుసుము అన్నీ కలిపి లక్షకు కాస్త తక్కువ అయిందనీ, అందులో సగం వడ్డీకి తెచ్చిందేననీ తండ్రి చెప్పాడు. అతని చేతిలోని సర్టిఫికెట్‌కు బంగారు రంగు అంచు, మూడు రకాల ముద్రలు, అడుగున మూడు సంతకాలు ఉన్నాయి గాని, దాన్ని ఏ విశ్వవిద్యాలయం ఇచ్చిందో, ఏ సాంకేతిక విద్యామండలి గుర్తించిందో ఎంత వెతికినా కనిపించలేదు. “సార్, దీంతో మావాడికి మీ డిపార్టుమెంటులో ఏదైనా దారి ఉంటుందా?” అని అడిగాడు. ఆ క్షణాన ఏం చెప్పాలో తోచక, మర్నాడు ఉదయం కుర్రవాణ్ని మా పాత స్టేషనుకు తీసుకువెళ్లాను. డ్రిల్లు ముగించి మావాళ్లు పైపులు ఆరబెట్టుకుంటున్నారు. అక్కడి ఆఫీసరు అనుమతితో నీళ్లు కొట్టే హోస్ పైపు చుట్టను ఒకటి అతని చేతికిచ్చి, దాన్ని పరిచి పంపుకు తగిలించమన్నాను.

అతను హుషారుగానే విసిరాడు. చుట్ట కూడా వంకర లేకుండా పరుచుకుంది. కాని పైపు కొసల్లోని బిగింపుల్లో ఫిమేల్ కప్లింగ్, అంటే మరో కొసను లోపలికి తీసుకునేది, పంపు దగ్గర మిగిలిపోయింది. పంపు డెలివరీకి ఉండేదీ ఫిమేల్ కప్లింగే కాబట్టి రెండూ కలవవు. మేల్ కొస పంపు దగ్గర ఉండాలి, ఫిమేల్ కొస మంట వైపు వెళ్లాలి, నీటిని మంట మీదికి చిమ్మే బ్రాంచి పైపు దానిలోకి దిగాలి. మా ట్రైనింగులో మొదటి వారంలోనే ఒంటికి పట్టే సంగతి ఇది. పాపం ఆ కుర్రవాడు పైపును ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చుకుంటూ మళ్లీ పరవడానికి పట్టిన సమయంలో ఒక పూరిల్లు పూర్తిగా కాలిపోతుంది. “ఏడాది మొత్తంలో పైపును ఎన్నిసార్లు పట్టుకున్నావు నాయనా?” అని అడిగితే, తల వంచుకుని, “ఫొటోలు దిగిన రోజున ఒకసారి, తాతగారూ” అన్నాడు.

తప్పు కుర్రవాడిది కాదు. ఆ సంస్థ పేరు రాయడం నా ఉద్దేశమూ కాదు, ఎందుకంటే ఆ ఒక్కటి మూతపడితే అదే గదిలో ఇంకో బోర్డు లేస్తుంది. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరయిన నంబరును ప్రభుత్వ గుర్తింపుగా చూపించడం, నాణ్యతా ప్రమాణాల ముద్ర ఒకటి కొనుక్కుని దాన్ని చదువుకు వచ్చిన గుర్తింపుగా చెప్పుకోవడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది. నిజాయితీగా నడిచే సంస్థలు లేవని అనను. గల్ఫ్ కంపెనీలు అడిగే, నెబోష్ అనే బ్రిటిష్ పరీక్షా సంస్థ ఇచ్చేవాటి వంటి సర్టిఫికెట్లకు వాటి విలువ వాటికి ఉంది. అయితే అది పని ప్రదేశంలో భద్రత గురించిన చదువు. మంటలోకి వెళ్లే మనిషిని తయారుచేసే చదువు వేరు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద కలిపి అమ్మడం దగ్గరే మోసం మొదలవుతున్నది.

అసలు దారులు ఎలా ఉన్నాయో చూడండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండలే భర్తీ చేస్తుంది. అర్హత ఇంటర్మీడియట్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌కు డిగ్రీ. రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు నెగ్గినవారికి శిక్షణను శాఖే ఇస్తుంది. అంటే లక్ష రూపాయల డిప్లొమా ఉన్నవాడూ, అది లేకుండా పొద్దున్నే కాలేజీ మైదానంలో పరుగెత్తి, రాత్రిళ్లు అంకగణితం చేసుకున్నవాడూ ఒకే గీత మీద నిలబడతారు. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్)లో కానిస్టేబుల్-ఫైర్ పోస్టుకు కావలసింది సైన్సుతో ఇంటర్. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఫైర్ సర్వీసు ఉద్యోగానికి ఇంటర్ గాని, మెకానికల్, ఆటోమొబైల్, ఫైర్ శాఖల్లో మూడేళ్ల గుర్తింపు పొందిన రెగ్యులర్ డిప్లొమా గాని ఉండాలి, దానితోపాటు డ్రైవింగ్ లైసెన్సూ ఉండాలి. ఇక కర్మాగారాల్లో చట్టం ప్రకారం నియమించే సేఫ్టీ ఆఫీసర్ సంగతి. ఫ్యాక్టరీల చట్టం 40-బి సెక్షన్ వెయ్యిమంది, అంతకు మించి పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండి తీరాలన్నది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 500కు, ప్రమాదకర ప్రక్రియలు జరిగే చోట 250కి దించింది. ఆ పదవికి సాంకేతిక విద్య, కొంత అనుభవం, దాని మీద పారిశ్రామిక భద్రతలో గుర్తింపు ఉన్న డిప్లొమా కావాలి. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై వంటి చోట్ల ఉన్న రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లు ఇచ్చేది అటువంటిది. ఇంటర్ తరువాత అద్దె గదిలో ఏడాది చదివిన కాగితం అక్కడ గేటు కూడా దాటదు. ఇవన్నీ నోటిఫికేషన్లలో, చట్టాల్లో బహిరంగంగా ఉన్నవే అయినా, ఆటో నడుపుకునే తండ్రికి వాటిని విప్పి చెప్పేవారెవరు?

మోసపూరితమైన కోర్సుల మీద ఫిర్యాదుతోనే ఆపేస్తే నా ఉత్తరం సగంలో ఆగినట్టే. మా శాఖలో మాకు నేర్పిన చదువులోనూ ఒక పెద్ద లోటు ఉండేది, దాన్ని నా చెవి మీదే చూపించగలను. చేరిన నాలుగైదేళ్లకు ఒక కిరాణా గోదాములో మంట పుట్టింది. కిటికీలు లేవు, తలుపు సందుల నుంచి పొగ ఊపిరి తీసుకుంటున్నట్టు లోపలికీ బయటికీ ఊగుతున్నది. తలుపు తీసి రెండడుగులు లోపలికి వేసి, ఎర్రగా కనిపిస్తున్న పైకప్పు మీదికి నీటి జెట్ తిప్పి వదిలాను. రెండు క్షణాల్లో పైనుంచి వేడి దుప్పటి కప్పినట్టయింది. వెనుక ఉన్న లీడింగ్ ఫైర్‌మన్ నా బెల్టు పట్టుకుని బయటికి లాగాడు. హెల్మెట్ కింద రెండు చెవుల అంచులూ ఉడికిపోయాయి. కుడిచెవి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు అందరూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేను చేసిన తప్పేమిటో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

తెలిసింది చాలా ఏళ్లకు, నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలకు శాఖ తరఫున కోర్సుకు వెళ్లినప్పుడు. అధ్యాపకుడు బోర్డు మీద రెండంకెలు వేశాడు: ఒక లీటరు నీరు, సుమారు 1,700 లీటర్ల ఆవిరి. మూసిన గదిలో పైకప్పు కింద నిప్పులాంటి వేడిపొర పేరుకుని ఉంటుందనీ, దాని మీదికి ఒక్కసారిగా నీరు కొడితే ఆ నీరంతా ఆవిరై, చోటు చాలక కిందికి దిగి మనిషినే ఉడికిస్తుందనీ, నీటిని సన్నని తుంపరలుగా, కొద్దికొద్దిగా, ఆవిరి బయటికి పోయే దారి చూసుకుని వాడాలనీ ఆయన చెబుతుంటే నా చెయ్యి దానంతట అదే కుడిచెవి మీదికి వెళ్లింది. తలుపు సందుల్లో పొగ లోపలికీ బయటికీ ఊగడం గురించి కూడా ఆ గంటలోనే విన్నాను. గాలి అందక లోపల కుతకుతలాడుతున్న మంట, తలుపు తీయగానే ప్రాణవాయువు తగిలి పేలినట్టు బయటికి ఎగదన్నుతుందని దాని అర్థం. ఆ గోదాము దగ్గర నేను బతికి బయటపడింది నా నేర్పు వల్ల కాదని నాకు ఆ రోజు అర్థమైంది.

మాకు చెయ్యి నేర్పారు, బాగా నేర్పారు. తెల్లవారుజామున పరుగు, నిచ్చెన డ్రిల్లు, తాళ్ల ముడులు, మనిషిని భుజాన వేసుకుని మెట్లు దిగడం, కళ్లకు గంతలు కట్టుకుని పైపును తడుముకుంటూ దారి వెతుక్కోవడం వంటివి ఇప్పటికీ నా ఒంటికి గుర్తే. కాని ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు నేర్పలేదు. మంటల శాస్త్రం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. వంటనూనె మంట మీద నీళ్లు పోస్తే నిప్పు కప్పుదాకా ఎందుకు లేస్తుంది? వంటగ్యాస్ లీకై అంటుకుంటే, వాల్వు కట్టేసే వీలు లేనప్పుడు ఆ మంటను ఆర్పకపోవడమే మేలని ఎందుకంటారు? నూనె నీటికంటే తేలిక, దాని వేడి నీరు మరిగే వేడికంటే ఎంతో ఎక్కువ. అడుగుకు చేరిన నీరు ఆవిరై నూనెను చిందిస్తుంది. గ్యాస్ గాలికంటే బరువు. మంట ఆరినా లీకు ఆగకపోతే అది నేలమీద పాకి, గుంటల్లో, కాలువల్లో పేరుకుని, గాలిలో రెండు శాతానికి చేరిందంటే ఎక్కడో ఒక రవ్వ కోసం కాచుకుని ఉంటుంది. విశాఖ రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న జరిగిన ఘోరం గాని, 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను సృష్టించిన విలయం గాని చూసినవారికి ఈ మాటలు పాఠ్యపుస్తకంలోని వాక్యాల్లా అనిపించవు.

శ్వాస పరికరం సంగతి ఒక్కటి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అద్దె గదుల కోర్సుల్లో దాని బొమ్మ మాత్రమే చూపిస్తారు. మేం వీపున మోసే సిలిండరు సాధారణంగా 6.8 లీటర్లది, అందులో 300 బార్ పీడనంతో, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు 300 రెట్లతో, గాలి నింపుతారు. హెచ్చవేస్తే 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల లెక్కన యాభై నిమిషాలు వస్తుందని కాగితం చెబుతుంది. నిచ్చెన ఎక్కి, పైపు లాగుతూ, గుండె దడదడలాడుతుండగా మనిషి పీల్చేది 60 లీటర్లు దాటుతుంది. అప్పుడు మిగిలేది ముప్ఫై నాలుగు నిమిషాలు కూడా కాదు. పీడనం 55 బార్ దగ్గరకు పడగానే విజిల్ మోగుతుంది. ఆ సమయానికి సిలిండరులో ఉన్నది ఆరు నిమిషాల గాలి. లోపలికి వెళ్లడానికి పది నిమిషాలు పట్టినవాడు విజిల్ మోగాక వెనక్కి తిరిగితే దారిలోనే ఉండిపోతాడు. అందుకే విజిల్ కోసం ఎదురుచూడకుండా, వెళ్లడానికి ఎంత గాలి ఖర్చయిందో గేజి చూసి, తిరిగి రావడానికి అంతకంటే ఎక్కువే దాచుకుని వెనుదిరగాలి. బయట బోర్డు పట్టుకుని నిలబడే మనిషి ఒకడు ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్లారు, ఎంత పీడనంతో వెళ్లారు అన్నది రాసుకుంటూ ఉండాలి. ఐదో తరగతి లెక్కే ఇది. అయితే పొగలో, చీకట్లో, ఎవరో లోపలినుంచి అరుస్తుండగా చేయవలసిన లెక్క. దాన్ని వందసార్లు చేయించకుండా సర్టిఫికెట్ ఇచ్చేవారిని ఏమనాలో మీరే చెప్పండి.

ఈ కొన్నేళ్లలో హైదరాబాదు నగరం చూసిన చావుల్లో చాలావరకు పొగ చావులే. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో బిహార్ నుంచి పొట్టకూటికి వచ్చిన 11 మంది కూలీలు, అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో సెల్లార్‌లో పెట్టిన విద్యుత్ స్కూటర్లు అంటుకుని పైనున్న లాడ్జిలో 8 మంది, 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు, ఆ నవంబరులో బజార్‌ఘాట్‌లో 9 మంది, 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో ఒకే ఇంటి బంధువర్గంలో పిల్లలతో సహా 17 మంది. వీరిలో ఎక్కువమందిని మంట తాకనైనా తాకలేదు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సోఫాల్లోని ఫోమ్ కాలితే సైనైడ్ వాయువు కూడా కలుస్తుంది. రెండు మూడు గుక్కలు పీల్చేసరికి కాళ్లు కదలవు. మెట్ల దారి పొగగొట్టంగా మారే భవనంలో, పైఅంతస్తుకు మంట చేరకముందే మృత్యువు చేరుతుంది. కాబట్టి నక్షా కాగితం మీద మెట్లు ఎక్కడున్నాయి, సెల్లార్‌కూ మెట్లకూ మధ్య పొగను ఆపే తలుపు ఉన్నదా, పొగ బయటికి పోయే దారి ఏది అని చూసి అర్థం చేసుకోగల మనిషి, ఫైరింజన్ నడిపే మనిషి ఎంత అవసరమో అంత అవసరం. 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఎత్తయిన భవనాలకు మా శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరి చేసింది. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో నాలుగో భాగం అంతా ఈ విషయమే. ఆ నియమావళిని చదివి, పంపు సామర్థ్యాన్నీ స్ప్రింక్లర్ల నీటి లెక్కనూ సరిచూడడానికి ఇంజనీరింగ్ తెలియాలి. నేను అటువంటి ఫైళ్ల మీద సంతకాలు చేశాను కనుక చెబుతున్నాను, కొన్ని లెక్కలు నాకు అర్థం కాకుండానే, తనిఖీకి వచ్చిన కన్సల్టెంటు మాట నమ్మి చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పరిశ్రమల సంగతి ఇంకా చిక్కు. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఫార్మా యూనిట్లో ద్రావకం ఆవిరి పేలి 17 మంది, పాశమైలారంలో 2025 జూన్ 30న సెల్యులోజ్ పొడి తయారయ్యే కర్మాగారంలో పేలుడు జరిగి యాభైమందికి పైగా పోయారు. కుప్పగా పోసిన పొడి మెల్లగా కాలుతుంది, అదే పొడి గాలిలో మేఘంలా లేస్తే పేలుతుంది. మన పిండిమరలు, పసుపు మరలు, చక్కెర మిల్లులు అన్నిటికీ ఈ సూత్రం వర్తిస్తుంది గాని, ఆ మాట విన్న మిల్లు యజమానిని నా సర్వీసులో ఒక్కణ్ని చూడలేదు.

మా గుంటూరు ప్రాంతపు మిర్చి కోల్డ్ స్టోరేజీల గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. అంతస్తుల మీద అంతస్తులుగా పేర్చిన వేల టిక్కీలు (మిర్చి బస్తాలు), గోడలకు థర్మోకోల్, చల్లదనానికి అమోనియా, లోపలికి ఒకే తలుపు. అగ్నిశాస్త్రం విద్యార్థికి ఇంతకంటే కష్టమైన ప్రశ్నపత్రం ఉండదు. మిర్చి పొగకు కిలోమీటరు దూరంలో ఉన్నవారికే దగ్గు ఆగదు. టిక్కీ పైన ఆరినట్టు కనిపించి లోలోపల రాజుకుంటూ రోజుల తరబడి కాలుతుంది. థర్మోకోల్ కరిగి నల్లటి పొగతో మండుతూ కారుతుంది. ఇక అమోనియా లీకైతే, ఆ వాయువు మీద నీటి తుంపర కొడితే నీటిలో కలిసి అణుగుతుంది. అదే నీటిని నేలమీద చేరిన ద్రవ అమోనియా మీద పోస్తే అది ఇంకా ఎక్కువగా ఆవిరై లేస్తుంది. నీళ్లు ఒకటే, పైపు ఒకటే. ఎక్కడ కొట్టాలో తెలిసినవాడికీ తెలియనివాడికీ ఉన్న తేడా మొత్తం ఊరి మీద పడుతుంది. నేను వెళ్లిన ఒక కాల్‌లో మేం నాలుగు రోజులు వంతులవారీగా నీళ్లు కొట్టాం. నాలుగో రోజు సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేసినా ఒంటిమీది మిర్చి మంట తగ్గలేదు. ఆ వారమంతా మా ఆవిడ నా బట్టలను విడిగా ఉతికింది.

ఈ ఉద్యోగానికి కావలసింది గుండె ధైర్యం గాని పుస్తకాలు కావని మా శాఖలోనే కొందరు పెద్దలు అంటారు. వారి మీద నాకు గౌరవం ఉంది. కాని ఏటా ఏప్రిల్ 14న మేం ఎవరికి వందనం చేస్తున్నామో వారు ఒకసారి తలచుకోవాలి. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్ స్టికిన్’ అనే ఓడలో పత్తి బేళ్లూ, మందుగుండూ ఒకేచోట ఉన్నాయి. మధ్యాహ్నం పొగ కనిపించింది. మంట మూలం ఎక్కడుందో దొరక్కపోయినా అగ్నిమాపక సిబ్బంది నీళ్లు కొడుతూనే నిలబడ్డారు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది. 66 మంది ఫైర్‌మన్లు ఒక్కరోజులో పోయారు. వారికి ధైర్యం తక్కువైందని ఎవరనగలరు? పత్తి బేలు లోపల మంట ఎలా దాగుతుందో, దాని పక్కన ఏమి ఉంచకూడదో, ఎప్పుడు వెనక్కి రావాలో చెప్పగల చదువు ఆనాటి రేవులో అధికారం ఉన్న ఎవరి దగ్గరా లేకపోయింది.

ఆ చదువు ఇప్పుడు దేశంలో ఉంది. నాగపూర్ కళాశాల 1956లో రాంపూర్‌లో మొదలై మరుసటి ఏడాది నాగపూర్‌కు మారింది; కేంద్ర హోంశాఖ కింద నడుస్తుంది; 1978 నుంచి ఫైర్ ఇంజనీరింగ్‌లో డిగ్రీ ఉంది. 2002లో అక్కడ చేరిన హర్షిణి కన్హేకర్ ఆ కళాశాలలో చదివిన తొలి మహిళ. ఆడపిల్లలకు ఈ చదువెందుకనే తల్లిదండ్రులు ఆ పేరు గుర్తుపెట్టుకుంటే మంచిది. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది. మన పక్కనే హకీంపేటలో సీఐఎస్ఎఫ్ వారి ఫైర్ సర్వీస్ శిక్షణ సంస్థ, వట్టినాగులపల్లిలో తెలంగాణ అగ్నిమాపక శాఖ శిక్షణ కేంద్రం ఉన్నాయి. లేనిదల్లా ఈ శిక్షణ మైదానాలకూ మన విశ్వవిద్యాలయాలకూ మధ్య రాకపోకలు. మా బంధువుల పిల్లల్లోనే ఈ పదేళ్లలో పాతికమంది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లారు. ఫైర్ ఇంజనీరింగ్ అనే శాఖ ఒకటుందని వారిలో ఒక్కరికీ తెలియదు.

రిఫైనరీ, ఓడరేవు, ఫార్మా సెజ్‌లు అన్నీ ఉన్న విశాఖలో ఒకటి, ఆకాశానికి లేస్తున్న భవనాల హైదరాబాదులో ఒకటి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనే నాలుగేళ్ల ఫైర్ ఇంజనీరింగ్ కోర్సులు తెరవాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను. వాటిని గోడల మధ్య నడపకుండా, మా శాఖ శిక్షణ మైదానంలో నెలకు కొన్ని రోజులు విద్యార్థులు పైపు పట్టాలి, మా ఫైర్‌మన్లు ఆ ప్రయోగశాలలో కూర్చోవాలి. సర్వీసులో ఉంటూ చదువుకున్న ఫైర్‌మన్‌కు పదోన్నతిలో దాని విలువ కనిపించాలి; లేకపోతే ఇరవై ఏళ్లు రాత్రి డ్యూటీలు చేసినవాడు పుస్తకం ఎందుకు తెరుస్తాడు? డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసుల మీద రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు కేంద్రం 2023లో రూ.5,000 కోట్ల పథకం ప్రకటించింది, రాష్ట్ర శిక్షణ కేంద్రాలను బలపరచడం అందులో ఒక భాగం. కొత్త వాహనాలకు జెండా ఊపే ఫొటోలు పత్రికల్లో చూస్తున్నాను, సంతోషమే. ఆ వాహనంలో ఎక్కే మనిషి మీద ఎంత ఖర్చుపెట్టారో కూడా అదే వార్తలో చదవాలని ఉంది.

దీనికి ఏళ్లు పడతాయని తెలుసు. ఏళ్లు పట్టని పని ఒకటుంది. సాంకేతిక విద్యాశాఖ, అగ్నిమాపక శాఖ, కర్మాగారాల శాఖ కలిసి కూర్చుంటే వారం రోజుల్లో ఒక పట్టిక తయారవుతుంది: ఏ కోర్సును ఎవరు గుర్తించారు, అది ఏ ఉద్యోగానికి అర్హత అవుతుంది, ఏ ఉద్యోగానికి అసలు ఏ కోర్సూ అక్కరలేదు. దాన్ని ఇంటర్ ఫలితాల రోజుకల్లా పత్రికల్లో వేయించి, ప్రతి ఫైర్ స్టేషన్ గోడకూ, ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డుకూ అంటించాలి.

అది వచ్చేలోగా ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు ఆ కరపత్రాన్ని పట్టుకుని దగ్గరలోని ఫైర్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. కాల్ లేని సమయంలో మావాళ్లు కుర్చీ వేసి మరీ చెబుతారు. తరువాత ఆ సంస్థకు వెళ్లి, మీ శిక్షణ మైదానం చూపించమని, పైపులు, పంపు, శ్వాస పరికరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టనివ్వమని, సర్టిఫికెట్ ఇచ్చే విశ్వవిద్యాలయం పేరు కాగితం మీద రాసిమ్మని అడగాలి. మా వీధి కుర్రవాడు ఇప్పుడు నియామక పరీక్షకు చదువుకుంటున్నాడు. ఆదివారం ఉదయాల్లో నేను అతన్ని స్టేషనుకు తీసుకువెళుతున్నాను. పోయిన వారం పైపును సరైన కొసతోనే పరిచాడు. పంపుకు తగిలించి బ్రాంచి పట్టుకునేసరికి పద్దెనిమిది సెకన్లు పట్టింది. వాళ్ల నాన్న తెచ్చిన అప్పులో మాత్రం ఇంకా నలభై వేలు తీరవలసి ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత స్టేషన్ ఫైర్ ఆఫీసర్,
గుంటూరు జిల్లా